డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

గోదావరీతీరమున శ్రీరాంపూరు బొగ్గుగనుల సీమ కలదు. అచట తండ్రి గనిలోనికి దిగిన దినమున, షిఫ్టు ముగిసి ఆయన తిరిగి వచ్చువరకు ఇంటివారి చూపు వాకిటిపైననే యుండును. ఆ చుట్టుపట్టుల జగిత్యాల, కరీంనగరు పల్లెలలో మరికొందరి నిరీక్షణము ఇంకను దీర్ఘమైనది. వారి తండ్రులు గల్ఫు దేశములకు పనికి పోయి, ఏండ్లకొకమారు గాని ఇంటిముఖము చూడరు. ఇట్టి నిరీక్షణమునే నూరేండ్లనాడు ఒక కుటుంబము చవిచూచెను. ఆ గోదావరియే దిగువకు ప్రవహించి సముద్రమును చేరు సీమలోని కుటుంబమది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము చిన్న ఉద్యోగి. అనారోగ్యముచే ఉద్యోగమును విడువవలసివచ్చెను. తల్లి వెంకమ్మ పట్టుదలగల యిల్లాలు. సుబ్బారావునకు బాల్యమున చదువుపై మనసు నిలువలేదు. పదుమూడేండ్ల వయసున కాశికి పోయి, యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచెను. తల్లి అతనిని వెనుకకు రప్పించి మరల బడిలో చేర్చెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు గెలిచెను. సన్యసింపగోరినప్పుడును తల్లి అంగీకరింపలేదు. అంతట అతడు మద్రాసు వైద్యకళాశాలలో చేరెను.

1919లో శేషగిరితో అతనికి వివాహమయ్యెను. మామగారు చదువునకు సాయపడెను. గాంధీమహాత్ముని పిలుపు విని సుబ్బారావు ఖద్దరు ధరించి కళాశాలకు పోవుచుండెను. ఆచార్యునకది రుచింపలేదు. తుదకు ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే అతనికి లభించెను. ఆ యౌవనకాలముననే అతని యింట పిడుగు పడెను. అతని సోదరులిరువురు సంగ్రహణి వ్యాధిచే కొలది దినముల వ్యవధిలో మరణించిరి. సుబ్బారావు కూడ ఆ వ్యాధినపడి కష్టముమీద బ్రతికెను. ఆ వ్యాధికి మందు కనుగొనవలెనను సంకల్పము అతని మనసున నాటుకొనెను.

అందులకు ఉన్నతవిద్య కావలెను. మల్లాడి సత్యలింగ నాయకరు బర్మాలో ఆర్జించిన ధనముతో కాకినాడలో వెలసిన ధర్మసంస్థయు, మామగారును తోడ్పడగా, సుబ్బారావు అమెరికాలోని బోస్టను నగరమునకు పయనమయ్యెను. మూడేండ్లలో తిరిగి వత్తునని భార్యకు మాటయిచ్చెను. హార్వర్డులో పగలు చదువు. రాత్రివేళ ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలను శుభ్రపరచు కొలువు. పరదేశమున పొట్టపోసికొను మార్గము అదియే.

అతడు సముద్రము దాటిన పిమ్మట శేషగిరి కుమారుని కనెను. ఆ శిశువు ఏడాది నిండకమునుపే వ్యాధివాతపడి మరణించెను. తండ్రి కుమారుని ముఖమును చూడనేలేదు. ఆ కాలమున ఉత్తరము ఓడపై పోయి చేరుటకు వారములు పట్టెడిది. ఆ దుఃఖసమయమున భార్యాభర్తలు ఒకరినొకరు ఓదార్చుకొను భాగ్యమునకును నోచుకొనలేదు.

మూడేండ్లు గడచెను. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని సుబ్బారావు ప్రకటించెను. కండరములు పనిచేయుటకు శక్తి నిచ్చు పదార్థములను 1927లోను 1929లోను వారు వెలికితీసిరి. ఒక పని ముగియగనే మరియొకటి ఎదురయ్యెడిది. 1924లో అమెరికా చేసిన చట్టము భారతీయులు అచట స్థిరపడుటకు అడ్డయ్యెను. కావున కుటుంబమును రప్పించుకొనుటయు సులభము కాదు. తిరుగు ప్రయాణము వాయిదాపడి వాయిదాపడి, మూడేండ్లు ఇంచుమించు పాతికేండ్లయ్యెను.

1940లో సుబ్బారావు లెడర్లే ప్రయోగశాలలలో చేరి, పరిశోధనల నాయకత్వము వహించెను. ఆకుకూరలలోను కాలేయములోను స్వల్పముగా నుండు ఫోలిక్ ఆమ్లమును 1945లో అతని బృందము తయారుచేసెను. అతని సోదరులను బలిగొన్న సంగ్రహణికి అది మందయ్యెను. 1947లో బోదకాలునకు హెట్రజాన్ అను ఔషధము వెలువడెను. అతని ప్రయోగశాల పంపిన మందుతోనే వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరుగల పిల్లలకు చికిత్స నారంభించెను. 1948లో అతని సహచరుడు బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను లోకమునకు అందించెను. ఆ సంవత్సరము ఆగస్టు నెలలోనే సుబ్బారావు న్యూయార్కులో నిద్రలో గుండెయాగి మరణించెను. అప్పటికి అతని వయసు 53 ఏండ్లు. శేషగిరి తన భర్తను మరల చూడలేదు.

నేడు శ్రీరాంపూరు ఆరోగ్యకేంద్రమున గర్భిణీస్త్రీలకిచ్చు మాత్రలలో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లమును ఉండును. తన బిడ్డను ఎత్తుకొని యెరుగని తండ్రి శ్రమ, ఎందరో తల్లుల బిడ్డలకు రక్షయైనది. ఆ మేలు గొప్పది. అయినను ఒక యిల్లాలు చెల్లించిన మూల్యమును మనము మరువరాదు. లోకము పొందిన ఔషధముల వెనుక సుబ్బారావు తపస్సుతోపాటు శేషగిరి నిరీక్షణమును కలదు.

దూరదేశమున నున్న తండ్రితో మాటాడుటకు నేటి బాలురకు క్షణము చాలును. తండ్రి ముఖమును కూడ ఫోనులో చూడవచ్చును. ఆ సౌకర్యము శేషగిరికి లేకపోయెను. పనిలో అలసిన తండ్రి మాటాడుటకు మరచిన దినమున బిడ్డయే ముందుగా పలుకరింపవలెను. బడిలో జరిగిన చిన్న సంగతి, ఇంటిముందు పూచిన చెట్టు, నాయనమ్మ దగ్గు తగ్గుట, ఇవన్నియు అతనికి చెప్పదగిన వార్తలే. వచ్చెదనన్న మాట తండ్రి నిలుపుకొనవలెను. అతని స్థానమును ఇంట ఖాళీకాకుండ కాపాడుట మాత్రము ఇంటనున్నవారి పని.