సర్ రోనాల్డ్ రాస్

దోమలు లోనికి రాకుండుటకై మనము దోమతెర కట్టుకొందుము. దోమలు వెలుపలికి పోకుండుటకై తెర కట్టించిన వైద్యుని చరిత్రమును ఇచ్చట వ్రాయుచున్నాము.

రోనాల్డ్ రాస్ 1857 మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమందలి అల్మోరాలో జన్మించెను. కవిత్వముపై మక్కువ యున్నను, సైన్యాధికారియగు తండ్రి కోరికపై వైద్యము చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసున చేరెను. బెంగుళూరులో నున్నప్పుడు తన బసయొద్ద తొట్టినీటిలో దోమలు పుట్టుచుండుట కనిపెట్టి పారబోయించెను, దోమలు తగ్గెను. 1894లో లండనునందు ప్యాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు, మలేరియాకు దోమలతో సంబంధ ముండవచ్చునని ఆయనకు తెలిపెను.

మరుసటి యేడు రాస్ సికింద్రాబాదు చేరెను. అచ్చట ఆయన పడిన పాట్లు వినదగినవి. పంకా వేయించిన, కోసిపెట్టిన దోమలు గాలికెగిరిపోవును. కావున ఉక్కలోనే కూర్చుండెను. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టెను. వందలకొలది దోమలను కోసి చూచినను ఫలితము శూన్యము. ఏలయన, అవి మానవ మలేరియాను మోయు జాతివి కావు! 1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలుగల దోమలు లభించినవి. హుసేన్ ఖాన్ అను రోగిని తెరలో పరుండబెట్టి, వానిని లోపల విడిపించి, కుట్టిన దోమ కొక అణా చొప్పున ఇచ్చెను. పది దోమలు, పది అణాలు. ఆగస్టు 20వ తేదీన అట్టి దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి పెరుగుచున్న కణములు కనబడెను. తన రక్తమిచ్చిన ఖాను పేరు పాఠములందు అరుదుగా వచ్చును. ఇది న్యాయముగా మాకు తోచదు.

1898లో కలకత్తాలో పక్షులపై పరిశోధించి, క్రిములు దోమ లాలాజల గ్రంథులను చేరి కాటుద్వారా వ్యాపించునని రాస్ నిరూపించెను. మానవ మలేరియా అనాఫిలిస్ దోమలవలననే వచ్చునని ఇటలీలో గ్రాస్సీ ప్రభృతులు ఆ యేడే చూపిరి. 1902లో నోబెల్ బహుమతి రాస్‌కే దక్కెను. గ్రాస్సీతో సాగించిన కలహము ఆయన కీర్తికి తగినది కాదని మా అభిప్రాయము. 1932 సెప్టెంబరు 16న ఆయన లండనులో మరణించెను.

తరువాత దోమతెరకే మందు పట్టించు పద్ధతి వచ్చెను. పైరెత్రాయిడ్ మందు పట్టించిన తెరలు ఆఫ్రికాలో లక్షలాది ప్రాణములను కాపాడినవి. కాని దోమలు ఊరకుండునా? మందును విరుచు ఎంజైములు మెండుగా గల దోమలు బ్రదికి, వాని సంతతియే పెరిగెను. ఆ ఎంజైముల నణచు పిపెరోనిల్ బ్యుటాక్సైడు చేర్చిన తెరలను 2017లోను, దోమ దేహమందలి శక్తి ఉత్పత్తినే చెరచు క్లోర్‌ఫెనపిర్ చేర్చిన తెరలను 2023లోను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసెను.