సీసాలకు ఊయల కట్టిన లియోన్ ఫారెల్

మా చిన్నపిన్ని వస్తోందంటే అడుగుల చప్పుడే చెప్పేసేది. కుడిచెయ్యి మోకాలి మీద ఆనించి, ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడుస్తూ వేసేది. రెండో ఏట జ్వరం వచ్చిందట, తగ్గిందట. తీరా చూస్తే కాలు చచ్చుబడిపోయిందట. అమ్మమ్మ ఆ మాట చెప్పినప్పుడల్లా తప్పంతా తనదే అన్నట్టు తల దించుకునేది. పెళ్ళిచూపులకి ఎవరైనా వస్తే, నడక కనపడకుండా పిన్నిని ముందే తెచ్చి చాప మీద కూర్చోబెట్టేవారు.

ఈమధ్య పిన్ని మా ఇంటికొస్తే కాలికేమైందని మా అమ్మాయి అడిగింది. పోలియో అన్నాను. అంటే ఏమిటంది! నేను చివుక్కుమన్నాను గానీ పిన్ని మాత్రం హాయిగా నవ్వేసింది. ఆ జబ్బు పేరే తెలియని పిల్లలు ఇంట్లో తిరుగుతుంటే అంతకన్నా ఏం కావాలి అంది.

ఆ రాత్రి నించే పోలియో టీకా కథ చదవడం మొదలుపెట్టాను. సాల్క్, సాబిన్ పేర్లు మనం స్కూల్లో చదువుకున్నవే. వాళ్ళ పక్కన ఇంకో పేరు కనపడింది. కెనడాలో టీకాల చరిత్ర తెలిసినవాళ్ళు గౌరవంగా తలుచుకునే పేరు - డాక్టర్ లియోన్ ఫారెల్.

తేనెతో మొదలైన చదువు

ఆవిడ 1904లో కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో పుట్టారు. టొరంటో విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చదివారు. మొదట్లో తేనె మీద పరిశోధన చేశారు. 1933లో డాక్టరేట్ తీసుకున్నారు. ఆ కాలంలో ఆ దేశంలోనైనా సైన్సులో డాక్టరేట్ చేసిన ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమందే. తర్వాత టొరంటోలోనే కన్నాట్ లేబొరేటరీస్‌లో చేరి, ఉద్యోగజీవితమంతా అక్కడే గడిపారు. 1920లలో ఇన్సులిన్‌ని పెద్దఎత్తున తయారుచేసిన సంస్థ అది.

అక్కడ కోరింతదగ్గు టీకా మీద పనిచేస్తున్నప్పుడు ఫారెల్ ఒక సంగతి కనిపెట్టారు. సూక్ష్మజీవుల్ని పెంచే సీసాల్ని కదలకుండా ఉంచేకన్నా, మెల్లగా అటూ ఇటూ ఊపుతూ ఉంటే అవి బాగా పెరుగుతున్నాయి. చూడ్డానికి చిన్న విషయమే. పదేళ్ళ తర్వాత అదే పెద్ద అక్కరకొచ్చింది.

నలుగురికి వంట, నాలుగువందలమందికి వంట

1950ల మొదట్లో పోలియో అంటే తల్లులకి గుండెదడ. అమెరికాలో 1952 ఒక్క ఏడాదిలోనే దాదాపు 58,000 మందికి సోకింది. మరుసటేడు కెనడాలో దాదాపు 9,000 మందికి వచ్చి, సుమారు 500 మంది పోయారు. ఊపిరాడని పిల్లల్ని ఇనుప పెట్టెల్లాంటి యంత్రాల్లో పడుకోబెట్టేవారు.

పిట్స్‌బర్గ్‌లో డాక్టర్ సాల్క్ వైరస్‌ని ఫార్మలిన్‌తో చంపి టీకా తయారుచేశారు. అయితే చంపడానికి ముందు వైరస్‌ని పెంచాలి కదా! వైరస్ తనంతట తాను పెరగదు, బతికున్న కణాల్లోనే పెరుగుతుంది. కోతి మూత్రపిండాల్ని సన్నగా తరిగి, ఆ కణాల్ని పోషక ద్రవంలో బతికించి, వాటిలో వైరస్ వేసేవారు. అరవైకి పైగా దినుసులు కలిపిన ఆ ద్రవం పేరు మీడియం 199. అదీ కన్నాట్‌లోనే పుట్టింది. దాన్ని తయారుచేసినవాళ్ళలో హెలెన్ మోర్టన్ అనే ఆవిడ కూడా ఉన్నారు.

గాజుగొట్టాల్లో ఇదంతా బాగానే జరిగింది. కానీ లక్షలమంది పిల్లలకి టీకా కావాలంటే గొట్టాలు చాలతాయా? 1953లో అమెరికా పోలియో ఫౌండేషన్ కన్నాట్ సంస్థని అడిగింది, పెద్దఎత్తున వైరస్ ద్రవం చేసివ్వమని.

మనకి తెలిసిందే, నలుగురికి వండిన చేతికి నాలుగువందలమందికి వండమంటే లెక్క మారిపోతుంది. కొలతలు నూరింతలు పెంచితే సరిపోదు. కలపకపోతే అడుగంటుతుంది, గరిటెతో గట్టిగా కలిపితే మెతుకు చితికి ముద్దయిపోతుంది. కణాల సంగతీ అంతే. పెద్ద సీసాలో కదలకుండా వదిలేస్తే అన్నిటికీ గాలి, ఆహారం సరిగా అందవు. వేగంగా కలియబెడితే ఆ ఒరిపిడికి చిట్లిపోతాయి. చెట్ల కణాలకి ఉన్నట్టు, ఈ కణాలకి గట్టి పైపొర ఉండదు మరి.

ఇక్కడే ఫారెల్‌కి పాత అనుభవం అక్కరకొచ్చింది. సుమారు 5 లీటర్లు పట్టే పెద్ద గాజుసీసాల్ని వరసగా పడుకోబెట్టి, ఒంటివేడి ఉండే గదుల్లో యంత్రాలతో నెమ్మదిగా ఊపించారు. అచ్చం పసిపిల్లని ఊయలలో ఊపినట్టు. ద్రవం కదిలి కణాలన్నిటికీ తిండీ గాలీ అందింది, వాటికి దెబ్బా తగల్లేదు. పోలియో వైరస్ కావలసినంత పండింది. దీనికి టొరంటో పద్ధతి అని పేరొచ్చింది.

ఇలా అంటే తేలికే. ప్రతి సీసాలోనూ ఉన్నది బతికున్న పోలియో వైరస్. ఆ పని మొదలుపెట్టినవాళ్ళకి రక్షణగా వేసుకోడానికి అప్పటికింకా టీకా లేదు. ఒక్క సూక్ష్మజీవి బయటినించి దూరినా సీసా మొత్తం పారబొయ్యాల్సిందే.

ఈ కథలో మన దేశానికీ చోటుంది. ఆ రోజుల్లో ఉత్తర అమెరికా ప్రయోగశాలలకి రీసస్ కోతులు ఎక్కువగా ఇక్కణ్ణించే వెళ్ళేవి. 1978లో మన ప్రభుత్వం ఆ ఎగుమతి ఆపేసింది. పిల్లల కాళ్ళు నిలబెట్టడానికి ఆ మూగజీవాలు చెల్లించిన మూల్యం కూడా మరిచిపోకూడదు.

పద్ధెనిమిది లక్షలమంది పిల్లలు

క్షేత్ర పరీక్ష కోసం సుమారు 3,000 లీటర్ల వైరస్ ద్రవం టొరంటో నించి అమెరికాలోని మందుల కంపెనీలకి వెళ్ళింది. 1954 ఏప్రిల్ 26న పరీక్ష మొదలైంది. 18 లక్షలమంది పిల్లలు అందులో పాల్గొన్నారు. 1955 ఏప్రిల్ 12న టీకా పనిచేస్తోందని ప్రకటించారు. సాల్క్ పేరు ప్రపంచమంతా మారుమోగింది. సీసాలు ఊపిన ఆవిడ పేరు ప్రయోగశాల గోడలు దాటి పెద్దగా బయటికి రాలేదు.

అదే నెలలో అమెరికాలో ఒక కంపెనీ టీకాలో బతికున్న వైరస్ మిగిలిపోయి పిల్లలకి పక్షవాతం వచ్చింది. అక్కడ టీకాలు ఆపేశారు. కెనడా మాత్రం ఆపలేదు. కన్నాట్‌లో తయారైన టీకా మీద వాళ్ళకంత నమ్మకం.

ఫారెల్ 1986లో కన్నుమూశారు. అప్పటికి మన దేశంలో ఏటా వేలమంది పసివాళ్ళు పోలియోతో కుంటివాళ్ళవుతూనే ఉన్నారు. మనకి చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది. 2014లో పోలియో లేని దేశమని గుర్తింపొచ్చింది. నోట్లో చుక్కలతో పాటు ఇంజక్షన్ టీకా 2015 చివర్లో మన పిల్లల టీకాల పట్టికలో చేరింది.

ఇదంతా చదివాక లెక్క వేసుకున్నాను. పిన్నికి జ్వరం వచ్చింది 1967లో. టీకా పుట్టి అప్పటికే పన్నెండేళ్ళు. అది మా అమ్మమ్మ ఊరిదాకా రాలేదు, అంతే. మందు కనిపెట్టడం ఒక ఎత్తు, అందరికీ సరిపడా చెయ్యడం ఒక ఎత్తు, చివరి ఇంటిదాకా చేర్చడం మరో ఎత్తు. మొదటిదానికే పేరొస్తుంది.

ఈ సంగతి ఫోన్లో పిన్నికి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, అమ్మ బతికుండగా చెప్పి ఉంటే బాగుండేదే, తప్పు తనది కాదని తెలిసేది అంది.