పాట ఊరూరా తిరిగింది, పేరు వెనకే ఉండిపోయింది: అడివి బాపిరాజు

1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీ పెట్టి, చివరికి బహుమతిని ఇద్దరికి పంచింది. ఒకరు 'వేయిపడగలు' రాసిన విశ్వనాథ సత్యనారాయణ. రెండోవారు 'నారాయణరావు' రాసిన అడివి బాపిరాజు. 'వేయిపడగలు' మీద వాదనలు ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాయి. తిట్టేవాళ్లున్నారు, నెత్తిన పెట్టుకునేవాళ్లున్నారు. 'నారాయణరావు'ను తిట్టేవాళ్లు కూడా పెద్దగా లేరు. ఆ బహుమతి వార్తలో రెండో పేరుగానే బాపిరాజు సాహిత్య చరిత్రలో మిగిలిపోయారు.

అసలు ఆయనను నవలాకారుడిగా మాత్రమే లెక్కపెట్టడం దగ్గరే పొరపాటు మొదలైంది. బాపిరాజు పాట కట్టేవారు, ఆ పాటను సభలో తానే పాడేవారు, ఇంటికొచ్చి బొమ్మ వేసేవారు. నవలలు, కథలు, పత్రికా సంపాదకత్వం, సినిమా కళాదర్శకత్వం, ఉపాధ్యాయ వృత్తి అన్నీ ఈ రెండు పనుల చుట్టూ అల్లుకున్నవే. వాటిలో కొన్ని ఇష్టంతో చేసినవి, కొన్ని ఇల్లు గడవడానికి చేసినవి.

1895 అక్టోబర్ 8న భీమవరంలో పుట్టారు. చదువు భీమవరం, నరసాపురం మీదుగా రాజమహేంద్రవరం కాలేజీకి చేరింది. అక్కడే ఆయన జీవితం మలుపు తిరిగింది. ఆ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లిష్‌ వ్యక్తి. స్వయంగా చిత్రకారుడు, రచయిత. పాలకుల దేశం నుంచి వచ్చిన ప్రిన్సిపాల్ కుర్రాళ్లను గోదావరి గట్టుకు తీసుకెళ్లి, చెట్టునూ పడవనూ చూసి గీయమని చెప్పడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. ఆయన చుట్టూ చేరిన కుర్రాళ్లలో దామెర్ల రామారావు, కవికొండల వెంకటరావు, బాపిరాజు ముఖ్యులు. కూల్డ్రే చొరవతోనే రామారావు బొంబాయి జేజే స్కూల్‌కు వెళ్లారు. 1925లో మశూచి సోకి, 28 ఏళ్లు నిండకుండానే చనిపోయారు. ఆధునిక తెలుగు చిత్రకళ అనగానే మొదట వినిపించే పేరు ఈనాటికీ ఆయనదే.

బాపిరాజు బొంబాయి వెళ్లలేదు. సహాయ నిరాకరణ ఉద్యమంలోకి వెళ్లారు, ఏడాది జైల్లో ఉన్నారు. మద్రాసులో లా చదివారు. భీమవరంలో కొన్నాళ్లు వకీలుగా కూడా చేశారు. ఆ పని ఆయనకు అంటలేదు. బొమ్మలు నేర్చుకోవడానికి ఆయన ఎంచుకున్న చోటు మచిలీపట్నం. స్వదేశీ ఉద్యమపు వేడిలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి నిలబెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాల అక్కడుంది. కలకత్తా నుంచి వచ్చిన ప్రమోద కుమార చట్టోపాధ్యాయ అందులో చిత్రకళ చెప్పేవారు.

ఇక్కడ కాస్త ఆగి ఆ పద్ధతి గురించి చెప్పుకోవాలి. అవనీంద్రనాథ్ ఠాగూర్ బృందం జపాన్ చిత్రకారుల దగ్గర చూసి తమదిగా మార్చుకున్న నీటిరంగుల విధానం అది. కాగితం మీద పల్చగా రంగు వేస్తారు. ఆరనిస్తారు. ఆ తర్వాత కాగితాన్ని నీళ్లతో తడిపేస్తారు. నిలవని రంగు కొట్టుకుపోతుంది, కాగితం పీల్చుకున్నది మిగులుతుంది. దాని మీద మళ్లీ రంగు, మళ్లీ నీళ్లు. ఇలా ఎన్నోసార్లు చేస్తే బొమ్మంతా పొగమంచులో ఉన్నట్టు మెత్తబడుతుంది. నూనె రంగుల్లోని మెరుపు, బరువు ఇందులో ఉండవు. తెల్లవాళ్ల ఆర్ట్ స్కూళ్లు నేర్పే కచ్చితమైన వెలుగునీడలకు ఇది కావాలని చెప్పిన ఎదురు సమాధానం. అంటే బందరులో కుంచె పట్టడం కూడా ఒక రాజకీయ నిర్ణయమే. జైలుకు వెళ్లొచ్చిన మనిషికి అది సహజమైన దారి. కాకపోతే ఈ పద్ధతికో బలహీనత ఉంది. పల్చటి నీటిరంగు, కాగితం, కోస్తా ఉక్కపోత ఒకదానితో ఒకటి పొసిగేవి కావు. బొమ్మ బతకాలంటే జాగ్రత్తగా దాచే సంస్థ కావాలి. మన దగ్గర అలాంటి సంస్థలు ఎన్ని ఉండేవో అందరికీ తెలుసు.

'శబ్దబ్రహ్మ', 'సముద్రగుప్తుడు', 'తిక్కన' ఆయన చిత్రాల్లో పేరున్నవి. ఆ పేర్లు చూస్తేనే ఆయన మనసు ఎటు లాగిందో తెలుస్తుంది. పురాణం, చరిత్ర, పాత కవులు. ఎదురుగా ఉన్న పొలం, కూలి, బజారు ఆయన బొమ్మల్లోకి రావడం తక్కువ. ఈ విషయంలో నాకు దామెర్ల చిత్రాలే ఎక్కువ దగ్గరగా అనిపిస్తాయి. బాపిరాజు గీత లయలో నడుస్తుంది, దాన్ని చూస్తుంటే ఎవరో పాడుతున్నట్టే ఉంటుంది. అది గుణమూ అవును, పరిమితీ అవును.

పాటల దగ్గరికి వస్తే లెక్క మారిపోతుంది.

ఆయన రాయడం మొదలుపెట్టిన రోజులు భావకవిత్వానివి. 1925లో నండూరి సుబ్బారావు 'యెంకి పాటలు', కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షం' పుస్తకాలుగా వచ్చాయి. పద్యం ఇంకా పండితుల చేతిలో ఉంది. పాట మాత్రం ఆడవాళ్లది, కూలివాళ్లది, చదువురానివాళ్లది అనే చిన్నచూపు పోలేదు. ఆ చిన్నచూపును లెక్కచేయకుండా పాటను సభావేదిక ఎక్కించినవాళ్లలో బాపిరాజు ఒకరు. 'శశికళ' పేరుతో ఆయన రాసుకున్న పాటల్లో శశికళ ప్రేయసీ, కళాదేవతా రెండూ. ఆ పుస్తకంలో భావకవుల అలవాటైన విరహం కొంచెం ఎక్కువే. ఈ తరం పాఠకుడికి పది పేజీల తర్వాత కాస్త విసుగొచ్చినా ఆశ్చర్యం లేదు. కానీ గోదావరి వరద మీద ఆయన కట్టిన పాట వేరు. అందులో నది పొంగే వేగమే పాట నడక. గోదావరి గట్టున పెరిగినవాడు, కూల్డ్రే దగ్గర ఆ నీళ్లను గీయడం నేర్చుకున్నవాడు మాత్రమే కట్టగల పాట అది.

ఇంకోటి 'బావా బావా పన్నీరు'. ఈ పాట తెలియని తెలుగు ఇల్లు అరుదు. ఇది ఎవరు రాశారని అడిగితే జానపదం కదా అంటారు. సాహిత్య చరిత్ర మాత్రం దీన్ని బాపిరాజు పేరు మీదే రాసుకుంది. బావను ఆటపట్టించడం అనే పాత పెళ్లివేడుక, చిన్న చిన్న పాదాలు, చప్పట్లకు సరిపోయే తాళం. పిల్లలు ఒకసారి వింటే చాలు. నేను పనిచేసే రాయ్‌పూర్‌లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. 1931లో విజయనగరం, రాయ్‌పూర్‌ల మధ్య రైలు మార్గం పూర్తయ్యాక రాకపోకలు తేలికయ్యాయి. ఈ ఇళ్లలో మూడో తరం పిల్లలు బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడతారు. తెలుగు చదవడం చాలామందికి రాదు. పెళ్లిలో మాత్రం పెళ్లికొడుకును ఏడిపించడానికి ఈ పాట అందుకుంటారు. అక్షరం రాని చోటికి కూడా చేరిన తెలుగు కవి అంటే బాపిరాజునే చెప్పాలి. ఆ సంగతి ఆ పాడేవాళ్లకు తెలియదు.

పాట కట్టేవాళ్లు బొమ్మలు కూడా వేయడం లోకంలో కొత్త కాదు. కెనడా గాయని జోనీ మిచెల్ తన ఆల్బమ్‌ల అట్టల మీద తన చిత్రాలే వేసుకున్నారు. కెప్టెన్ బీఫ్‌హార్ట్ పేరుతో అమెరికా అండర్‌గ్రౌండ్ రాక్‌లో పాటలు కట్టిన డాన్ వాన్ వ్లీట్ 1982 తర్వాత సంగీతం పూర్తిగా మానేసి, 2010లో చనిపోయేదాకా చిత్రకారుడిగానే బతికారు. ఆయన రికార్డులు పెద్దగా అమ్ముడుపోలేదు, బొమ్మలకు మాత్రం గ్యాలరీలు దొరికాయి. బాపిరాజుకు సరిగ్గా తిరగబడింది. పాటలు జనం నోట్లోకి వెళ్లిపోయాయి. బొమ్మలను ఇప్పటి పాఠకుడు చూసేది ఎక్కువగా పుస్తకాల్లోని అచ్చుల్లోనే.

బతుకుతెరువు మాత్రం ఎప్పుడూ ఒక చోట కుదరలేదు. 1935 నుంచి 1939 వరకు తాను చదువుకున్న జాతీయ కళాశాలకే ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఆ రోజుల్లోనే సినిమా పిలిచింది. 1936లో సి. పుల్లయ్య పిల్లలతో తీసిన 'సతీ అనసూయ', 'ధ్రువ విజయం' సినిమాలకు కళాదర్శకత్వం చేశారు. తెలుగు టాకీకి అప్పటికి ఐదేళ్లు కూడా నిండలేదు. ఆ అనుభవాల జాడ తర్వాత 'కోనంగి' నవలలో కనిపిస్తుంది. పని వెతుక్కుంటూ మద్రాసు చేరి సినిమాల్లో పడే కుర్రవాడి కథ అది. ఆయన సాంఘిక నవలల్లో ఇప్పటికీ హాయిగా చదవగలిగేది అదేనని నా అభిప్రాయం. 'నారాయణరావు' నాయకుడికి లోపాలే ఉండవు. కోనంగికి లోపాలున్నాయి, నవ్వూ ఉంది.

చారిత్రక నవలల్లో చిత్రకారుడు బయటపడతాడు. 'హిమబిందు' శాతవాహనుల కాలపు కథ. నాయకుడు సువర్ణశ్రీ శిల్పి. రాజుల యుద్ధాల మధ్య ఒక శిల్పిని నిలబెట్టి, అతని కళ్లతో అమరావతి ప్రాంతాన్ని చూపించారు బాపిరాజు. నగల పేర్లు, వస్త్రాల రంగులు, తోరణాల చెక్కడాలు పేజీల కొద్దీ వస్తాయి. కథ అక్కడక్కడా ఆగిపోతుంది కూడా. 'గోన గన్నారెడ్డి' మాత్రం ఎక్కడా ఆగదు. కాకతీయ రుద్రమదేవి కాలం, గుర్రాల మీద పరుగు, గజదొంగలా కనిపించే వీరుడు. 2015లో 'రుద్రమదేవి' సినిమాలో అల్లు అర్జున్ ఆ పాత్రలో కనిపించగానే థియేటర్లలో ఈలలు పడ్డాయి. గోన గన్నారెడ్డి చరిత్రలోని మనిషే. ఆ మనిషిని తెలుగు పాఠకుల ఊహలో నిలబెట్టింది బాపిరాజు.

ఆయన జీవితంలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించే భాగం హైదరాబాద్. 1944లో నిజాం రాజధానికి వెళ్లి 'మీజాన్' తెలుగు దినపత్రికకు సంపాదకుడయ్యారు. ఉర్దూలో మీజాన్ అంటే త్రాసు. కలకత్తావాలా అనే వ్యాపారి ఉర్దూ, ఇంగ్లిష్, తెలుగు భాషల్లో ఆ పత్రికను నడిపేవారు. బ్రిటిష్ జైలు చూసిన కాంగ్రెస్‌వాది, భీమవరం మనిషి, నిజాం రాజ్యంలో, ప్రభుత్వాన్ని నొప్పించకుండా నడవాల్సిన పత్రికకు సంపాదకుడు. బయట తెలంగాణ పల్లెల్లో వెట్టికీ దేశ్‌ముఖ్‌లకూ ఎదురు తిరుగుతున్న రైతులు. 1946లో ఆ పోరు సాయుధమైంది. త్రాసు పట్టుకోవడానికి అంతకంటే ఇబ్బందికరమైన చోటు లేదు.

కోస్తా నుంచి వచ్చిన సంపాదకుడికి తెలంగాణ మాట, తెలంగాణ రచయిత ఎలా కనిపించారన్నది ఇప్పటికీ అడగదగ్గ ప్రశ్నే. ఇందులో ఆయనకు అనుకూలంగా చెప్పాల్సింది కొంత ఉంది. రాంభట్ల కృష్ణమూర్తి, తిరుమల రామచంద్ర లాంటివాళ్లు ఆ పత్రికలో పనిచేశారు. ఒకరు మార్క్సిస్టు, ఒకరు ప్రాకృత, సంస్కృత పండితుడు. ఇలాంటి ఇద్దరు కూర్చున్న గది మామూలు న్యూస్‌రూమ్ అయి ఉండదు. ఉర్దూ రాజ్యమేలే నగరంలో రోజూ తెలుగు అక్షరం అచ్చవడమే అప్పట్లో చిన్న విషయం కాదు. అయినా, పల్లెల్లో తుపాకులు పేలుతున్నప్పుడు ఆ పత్రిక జాగ్రత్తగానే నడిచిందన్నదీ కాదనలేం. 1947 నాటికి హైదరాబాద్‌లో ఆయన సంపాదకత్వం ముగిసింది.

ఆ తర్వాత మిగిలింది ఐదేళ్లే. అందులో ఒక పని గురించి మాత్రం చెప్పకుండా వదలలేను. 1951లో మద్రాసు ప్రభుత్వం ఆయనను సింహళానికి పంపింది. సిగిరియా కొండ గోడ మీద అయిదో శతాబ్దంలో, కాశ్యపుడనే రాజు కాలంలో వేసిన స్త్రీమూర్తుల బొమ్మలకు ప్రతులు తయారుచేయాలి. నేల నుంచి చాలా ఎత్తులో, రాతిలోని గుంతలాంటి చోట ఉంటాయవి. పూలు పట్టుకున్న ఆడవాళ్లు, నడుము దాకా మేఘాలు. వాటిని వేసినవాడి పేరు ఎక్కడా లేదు. ఎండ కదిలేకొద్దీ గోడ మీద రంగు మారుతుంది. ప్రతి తీసేవాడు ఆ మార్పును కనిపెట్టి, తన శైలిని పక్కన పెట్టి, పేరు తెలియని ఎవరి చేతినో అనుసరించాలి. యాభై ఆరో ఏట బాపిరాజు ఆ కొండెక్కి ఆ పని చేశారు.

మరుసటి ఏడాది, 1952 సెప్టెంబర్ 22న చనిపోయారు. నెల తిరగకముందే మద్రాసులో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షకు కూర్చున్నారు.