బిల్ పుట్నం

బిల్ పుట్నం (ఫిబ్రవరి 20, 1920 - ఏప్రిల్ 13, 1989) అమెరికాకు చెందిన ప్రముఖ శబ్దగ్రాహకుడు, స్టూడియో నిర్మాత, ధ్వని పరికరాల రూపకర్త. పూర్తి పేరు మిల్టన్ టాస్కర్ పుట్నం. ఆధునిక రికార్డింగ్ విధానానికి ఆద్యులలో ఒకడిగా ఈయనను పరిగణిస్తారు. కంప్యూటరులో పాటలు రికార్డు చేసేవారు నేటికీ బయటి పరికరాలను జతచేసుకొనే పద్ధతికి మూలం ఈయన కృషిలో కనిపిస్తుంది.

తొలి జీవితం

పుట్నం ఇల్లినాయ్ రాష్ట్రంలోని డాన్విల్ పట్టణంలో జన్మించాడు. చిన్నతనం నుండే రేడియోలపై ఆసక్తి పెంచుకున్నాడు. వాల్పరైజో సాంకేతిక విద్యాలయంలో చదివి, రేడియో కేంద్రాలలో పనిచేశాడు. 1946లో ఇవాన్‌స్టన్‌లో యూనివర్సల్ రికార్డింగ్ సంస్థను స్థాపించి, మరుసటి సంవత్సరం దానిని షికాగోకు తరలించాడు.

ప్రతినాదం

గుడి మంటపంలో పాడినప్పుడు గోడల నుండి తిరిగివచ్చే ధ్వనులు కలిసిపోయి స్వరం కొంతసేపు నిలుస్తుంది. దీనిని ప్రతినాదం లేదా రివర్బ్ అంటారు. ఆనాడు ఈ గుణం రికార్డులో వినిపించాలంటే అటువంటి విశాలమైన గదిలోనే పాడవలసి వచ్చేది. 1947లో హార్మోనిక్యాట్స్ బృందం వాయించిన 'పెగ్ ఓ మై హార్ట్' కోసం పుట్నం స్టూడియో స్నానాల గదిలో ఒక లౌడ్‌స్పీకరును, ఒక మైకును ఉంచాడు. వాద్యధ్వనిని అక్కడికి పంపి, తిరిగివచ్చిన దానిని అసలు ధ్వనితో కలిపాడు. ఈ రికార్డు పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. జనరంజక సంగీతంలో కృత్రిమ ప్రతినాదాన్ని కళాత్మకంగా వాడిన తొలి రికార్డుగా దీనిని చెబుతారు.

అదే సంవత్సరం ప్యాటీ పేజ్ పాడిన 'కన్ఫెస్' పాటలో ఆమె గొంతుకు ఆమె గొంతునే జోడించి రికార్డు చేశాడు. ధ్వనిలో కొంత భాగాన్ని వేరుచేసి ఎకో గదికి పంపి, తిరిగి స్వీకరించే ఏర్పాటును మిక్సింగ్ కన్సోల్‌లోనే అమర్చాడు. ఎంత పంపాలి, ఎంత కలపాలి అన్నది దీనితో శబ్దగ్రాహకుని చేతిలోకి వచ్చింది.

హాలీవుడ్‌లో

1957లో పుట్నం హాలీవుడ్‌లో యునైటెడ్ రికార్డింగ్ స్టూడియోను ప్రారంభించాడు. తరువాత సమీపంలోని వెస్టర్న్ రికార్డర్స్‌ను కూడా కొన్నాడు. ఫ్రాంక్ సినాత్రా, నాట్ కింగ్ కోల్ వంటి గాయకులు ఈ స్టూడియోలలో పాడారు. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' ఆల్బమ్‌ను రికార్డు చేసిన బ్రూస్ స్వీడియన్ షికాగోలో పుట్నం వద్ద పనిచేసినవాడే.

పరికరాలు

తన స్టూడియో అవసరాలకు పుట్నం స్వయంగా పరికరాలు రూపొందించి, యూనివర్సల్ ఆడియో పేరుతో విక్రయించాడు. 1967లో వెలువడిన 1176 వీటిలో ప్రసిద్ధమైనది. గొంతు ఒక్కసారిగా పెరిగినప్పుడు స్థాయిని తగ్గించి అదుపులో ఉంచే ఇటువంటి పరికరాన్ని కంప్రెసర్ అంటారు. వాల్వులకు బదులు ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టరును వాడడం వలన 1176 సెకనులో లక్షవ వంతు లెక్కన స్పందిస్తుంది. జిమ్ లారెన్స్ రూపొందించిన ఎల్‌ఏ-2ఏ కంప్రెసర్ హక్కులు కూడా పుట్నం సంస్థకు చేరాయి. ఇది కాంతితో పనిచేస్తుంది కనుక నెమ్మదిగా, మృదువుగా స్పందిస్తుంది.

నేటి వాడకం

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో ఇటువంటి పరికరాన్ని వాడేటప్పుడు ట్రాకు ధ్వని ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా విద్యుత్ సంకేతంగా బయటికి వెళ్లి, పరికరం గుండా సాగి, మళ్లీ అంకెలుగా మారి లోపలికి వస్తుంది. కంప్రెసర్ అయితే ధ్వని మొత్తం దాని గుండా పోవాలి. రివర్బ్ అయితే కొంత భాగాన్ని మాత్రమే పంపి, తిరిగివచ్చిన దానిని అసలు ధ్వనితో కలపాలి. ఇది పుట్నం స్నానాల గదిలో చేసిన పనే.

ఈ రాకపోకలకు కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యం జరుగుతుంది. ఒక చిన్న శబ్దాన్ని పంపి, తిరిగివచ్చిన సమయాన్ని కొలిచి సాఫ్ట్‌వేర్‌లో సరిచేస్తారు. లేకపోతే రెండు ధ్వనులు ఒకదానినొకటి బలహీనపరచి పాట పలుచబడుతుంది. ఒకే పరికరం ఉంటే ఒక్కొక్క ట్రాకునే పాట నిడివి మేరకు వాయించి తిరిగి రికార్డు చేసుకోవాలి. పాత పరికరాల మీటల స్థానాలను సాఫ్ట్‌వేర్ గుర్తుంచుకోదు కాబట్టి వాటిని వ్రాసిపెట్టుకోవడం అవసరం.

చివరి దశ

1980వ దశకంలో పుట్నం తన పరికరాల సంస్థను హార్మన్ సంస్థకు అమ్మివేశాడు. 1989లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో మరణించాడు. పదేళ్ల తరువాత, 1999లో, ఆయన కుమారులు యూనివర్సల్ ఆడియోను పునఃస్థాపించి 1176, ఎల్‌ఏ-2ఏల తయారీని మళ్లీ చేపట్టారు. వాటి పనితీరును అనుకరించే సాఫ్ట్‌వేర్‌ను కూడా విడుదల చేశారు. 2000లో పుట్నంకు మరణానంతరం సాంకేతిక గ్రామీ పురస్కారం లభించింది.