ఆట ఫోన్‌లోకి రాకముందు: సతోరు ఇవాటా కథ



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను కలిసిన వాళ్లలో చాలామంది మార్కుల కంటే ముందు ఫోన్ గేమ్స్ గురించే అడిగారు. ఏడో తరగతి బాబు వాళ్ల అమ్మగారు అందరూ వెళ్లేదాకా ఆగి మరీ మాట్లాడారు. ఆటలో వజ్రాలు కొనడానికి బాబు నాన్న ఫోన్ నుంచి మూడుసార్లు డబ్బు కట్టాడట. కోప్పడాలా, ఫోన్ తీసేసుకోవాలా, కూర్చోబెట్టి మాట్లాడాలా అని ఆవిడ అడిగారు. నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో నా దగ్గర కూడా జవాబు లేదు.

ఇంటికొచ్చాక నాకు గుర్తొచ్చిన మనిషి సతోరు ఇవాటా. ఆయన గేములు తయారుచేసే జపాన్ కంపెనీ నింటెండోకి ఒకప్పుడు ప్రెసిడెంట్‌గా ఉండేవారు. పిల్లల ఆటను ఫోన్‌లో పెట్టాలా వద్దా, పెడితే డబ్బు ఎలా తీసుకోవాలి అనే ప్రశ్నతో ఆయన ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు.

పేరు కొత్తగా అనిపించవచ్చు. కానీ మీలో చాలామందికి ఆయన పని తెలుసు. తొంభైల్లో వేసవి సెలవులకి టీవీకి వీడియో గేమ్ తగిలించి, పసుపు రంగు క్యాసెట్ ఊది పెట్టి ఆడిన రోజులు గుర్తున్నాయా? అందులో రెండు బెలూన్లు కట్టుకుని ఎగిరే మనిషి ఒకడుండేవాడు. నీళ్లకు దగ్గరగా వస్తే పెద్ద చేప మింగేసేది. ఆ ఆట పేరు బెలూన్ ఫైట్. దాని ప్రోగ్రామ్ రాసింది ఇవాటాయే.

క్యాలిక్యులేటర్ కొనుక్కున్న కుర్రాడు

ఇవాటా 1959 డిసెంబర్ 6న జపాన్ ఉత్తర కొసన ఉన్న సప్పోరో నగరంలో పుట్టారు. తండ్రి ప్రభుత్వ అధికారి. తర్వాత మురోరాన్ పట్టణానికి మేయర్ కూడా అయ్యారు. ఇవాటా హైస్కూల్లో ఉండగా గిన్నెలు కడిగే పార్ట్‌టైమ్ పని చేసి, ఆ డబ్బుతో హెచ్‌పీ-65 అనే ప్రోగ్రామబుల్ క్యాలిక్యులేటర్ సంపాదించుకున్నారు. అందులో బొమ్మలు కనిపించవు, అంకెలు మాత్రమే. ప్రోగ్రామ్ వంద స్టెప్పులు దాటకూడదు. అంత ఇరుకులోనే ఆయన అంకెలతో ఆటలు తయారుచేశారు. క్లాసులో పక్కన కూర్చునే స్నేహితుడు ఆడి నవ్వితే, ఆ నవ్వు కోసం ఇంకోటి తయారుచేసేవారు.

1978లో టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో కంప్యూటర్ సైన్స్‌లో చేరారు. వారాంతాల్లో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లోని కంప్యూటర్ల కౌంటర్ దగ్గరే గడిపేవారు. అక్కడ కలిసిన కొందరు 1980లో హాల్ లాబొరేటరీ అనే చిన్న కంపెనీ పెట్టారు. ఇంగ్లిష్‌లో హెచ్, ఏ, ఎల్ అనే మూడు అక్షరాలూ ఐ, బీ, ఎం అక్షరాల కంటే ఒక్కో అడుగు ముందుంటాయి. ఐబీఎం కంటే ముందుండాలన్న కుర్రకారు సరదా అది!

తండ్రి మౌనం

1982లో డిగ్రీ చేతికొచ్చింది. అంత పేరున్న కాలేజీలో చదివిన వాళ్లకు పెద్ద కంపెనీలు పిలిచి ఉద్యోగాలిచ్చే రోజులవి. ఇవాటా మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉన్న హాల్‌లో చేరారు. తండ్రి ఆరు నెలలు కొడుకుతో మాట్లాడలేదు.

ఆ తండ్రిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. గేములు తయారుచేయడం ఒక ఉద్యోగం అని అప్పటికి చాలామందికి తెలియదు. మన ఇళ్లలో కూడా ఇంజినీరింగ్ సీటు వదిలేస్తానన్న పిల్లల ముందు ఇలాంటి మౌనమే కదా మొదట వచ్చేది.

1983లో నింటెండో ఫ్యామికామ్ అనే గేమ్ పెట్టెను అమ్మకానికి పెట్టింది. టీవీకి తగిలించి ఆడే ఇలాంటి పెట్టెనే కన్సోల్ అంటారు. ఇవాటా క్యోటో వెళ్లి తమకు పని ఇవ్వమని అడిగారు. గోల్ఫ్ మైదానంలోని 18 గుంటలనూ ఒక్క క్యాసెట్‌లో పట్టించడం అసాధ్యమని మిగతావాళ్లు వదిలేసిన పనిని ఆయన పూర్తిచేశారు. ఆ గోల్ఫ్ ఆటను గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

అప్పుల కంపెనీ

1992 నాటికి హాల్ దివాలా అంచుకు చేరింది. అప్పు 150 కోట్ల యెన్‌లు. ఆదుకోవడానికి నింటెండో అధిపతి హిరోషి యమౌచి ఒక షరతు పెట్టారు. ఇవాటా ప్రెసిడెంట్ అయితేనే సాయం చేస్తానన్నారు. అలా 1993లో, 33 ఏళ్ల ప్రోగ్రామర్ అప్పుల కంపెనీ పగ్గాలు పట్టుకున్నారు.

మేనేజ్‌మెంట్ చదువు లేదు. ఆయన చేసిన మొదటి పని ప్రతి ఉద్యోగితో విడివిడిగా కూర్చుని మాట్లాడటం. ఏడాదికి రెండుసార్లు, ఒక్కరినీ వదలకుండా. పని ఎలా ఉంది, ఎక్కడ ఇబ్బంది, ఏం నచ్చుతోంది అని అడిగేవారు. కొన్నేళ్లలో అప్పు తీరింది. ప్రెసిడెంట్ అయ్యాక కూడా ప్రోగ్రామింగ్ వదల్లేదు. ఏళ్లుగా ముడిపడిపోయిన మదర్ 2 అనే ఆటను చూసి, ఉన్నదాన్ని సరిచేస్తే రెండేళ్లు, కొత్తగా మొదలుపెడితే ఆరు నెలలు పడుతుందని చెప్పారు. కొత్తగానే మొదలుపెట్టారు. ఆట 1994లో బయటికొచ్చింది.

పేకముక్కల ఇంటికి పెద్ద

నింటెండో 1889లో క్యోటోలో హనాఫుడా అనే పేకముక్కలు చేసే అంగడిగా పుట్టింది. 113 ఏళ్లు యమౌచి కుటుంబమే నడిపింది. 2000లో ఇవాటాను నింటెండోలోకి తీసుకున్న హిరోషి యమౌచి, 2002లో తన కుర్చీని ఆయనకు అప్పగించారు. ఆ కుటుంబం బయటి నుంచి వచ్చిన మొదటి ప్రెసిడెంట్ ఇవాటా.

అప్పట్లో పోటీ కంపెనీలు ఇంకా వేగం, ఇంకా అందమైన బొమ్మలు అంటూ పరుగెత్తుతున్నాయి. ఇవాటా వేరే దారి చూశారు. అసలు ఆటలే ఆడని అమ్మానాన్నలు, తాతయ్యలు, అమ్మమ్మలు ఎందుకు దూరంగా ఉంటున్నారు? బటన్లు ఎక్కువై భయపడుతున్నారు. అందుకే 2004లో పుల్లతో తెరమీద గీసి ఆడే డీఎస్, 2006లో చేయి ఊపితే టెన్నిస్ ఆడించే వీ వచ్చాయి. డీఎస్ 15 కోట్లకు పైగా, వీ 10 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. గేమ్ రిమోట్ తల్లుల చేతుల్లోకి కూడా వచ్చింది.

జేబులోకి వచ్చిన పోటీ

తర్వాత స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి. ఆటకోసం వేరే పెట్టె ఎందుకు, జేబులోనే ఉంది కదా అన్నారు జనం. 2011లో 25,000 యెన్‌లకు వచ్చిన 3డీఎస్ ధరను ఆరు నెలలు తిరగకుండానే 15,000కు తగ్గించాల్సి వచ్చింది. తప్పు తనదేనని ఇవాటా తన జీతాన్ని సగానికి కోసుకున్నారు. 2012 మార్చితో ముగిసిన ఏడాదిలో కంపెనీకి 4,320 కోట్ల యెన్‌ల నష్టం వచ్చింది. అదే ఏడాది చివర్లో వచ్చిన వీ యూ కూడా నిలబడలేదు. 2014లో మళ్లీ ఐదు నెలలు సగం జీతమే తీసుకున్నారు. ఉద్యోగులను తీసేయమన్న సలహాలను మాత్రం ఒప్పుకోలేదు. రేపు ఉద్యోగం ఉంటుందో ఉండదో అని భయపడేవాళ్లు మనసుకు హత్తుకునే ఆట చేయలేరన్నది ఆయన నమ్మకం.

షేర్లు కొన్నవాళ్లు ఒకటే పోరు పెట్టారు. మారియోను ఫోన్‌లో పెట్టెయ్, డబ్బే డబ్బు! ఆడేవాళ్లకేమో నింటెండో కన్సోల్స్ వదిలేస్తుందేమోనన్న బెంగ. మధ్యలో ఇవాటా అడకత్తెరలో పోకచెక్కలా అయ్యారు.

ఆయన సంకోచానికి రెండు కారణాలు. ఒకటి, ఫోన్‌లో ఆటల ధర దాదాపు సున్నాకు పడిపోతోంది. ఏళ్లు కష్టపడి చేసిన పనికి విలువ లేకుండా పోతుంది. రెండోది మన ఇళ్లకు సంబంధించింది. ఉచితం అని పిలిచి, ఆట మధ్యలో డబ్బు అడిగే పద్ధతి.

జపాన్‌లో దీనికి గాచా అని పేరు. మన చిన్నప్పుడు కిరాణా కొట్టులో రూపాయి ఇచ్చి లక్కీ చీటీ చింపేవాళ్లం, గుర్తుందా? అదే ఫోన్‌లో. ఏం వస్తుందో తెలియకుండా డబ్బు కట్టాలి. కావలసింది రాకపోతే మళ్లీ కట్టాలి. కొన్ని ఆటల్లో చీటీలతో మొత్తం సెట్ పోగుచేస్తేనే పెద్ద బహుమతి. ఈ సెట్ పద్ధతి చట్టానికి విరుద్ధమని 2012 మేలో అక్కడి వినియోగదారుల శాఖ తేల్చింది. అంతకుముందు నెలలోనే ఇవాటా ఇన్వెస్టర్లకు గాచా జోలికి వెళ్లబోమని చెప్పి ఉన్నారు. అలాంటి డబ్బు కొన్నాళ్లు వస్తుంది కానీ ఆడేవాళ్లతో బంధం నిలవదన్నది ఆయన వాదన.

2015 మార్చి 17

చివరికి ఆ రోజు టోక్యోలో ఇవాటా ప్రకటన చేశారు. ఫోన్ గేముల కంపెనీ డీఈఎన్‌ఏతో నింటెండో చేయి కలుపుతోంది. రెండు కంపెనీలు ఒకదాని షేర్లు ఒకటి 2,200 కోట్ల యెన్‌ల చొప్పున కొన్నాయి. గాచా వివాదంలో డీఈఎన్‌ఏ ఆటలు కూడా ఉన్నాయి కాబట్టి, చూసేవాళ్లకు అనుమానాలు రావడం సహజమే.

ఇవాటా కొన్ని గీతలు గీశారు. పాత కన్సోల్ ఆటను యథాతథంగా ఫోన్‌లోకి ఎక్కించరు, ఫోన్‌కు తగ్గట్టు కొత్తగా చేస్తారు. కన్సోల్స్ ఆగవు, కొత్తది తయారవుతోంది అని అదే వేదికమీద చెప్పారు. ఉచితం అనే మాట వాడటం ఆయనకు ఇష్టం లేదు. మొదలుపెట్టడం మాత్రమే ఉచితం అనడం నిజాయితీ అనేవారు. కొద్దిమంది దగ్గర ఎక్కువ పిండటం కంటే, ఎక్కువమంది దగ్గర కొంచెం తీసుకోవడం మంచిదన్నారు. ఎక్కువ డబ్బు తెచ్చే పద్ధతి ఏది అన్న లెక్క కంటే, పిల్లలున్న ఇళ్లలో కంపెనీ పేరు చెడకుండా ఉండటం ఆయనకు ముఖ్యం.

ఫలితం చూసే సమయం ఆయనకు దొరకలేదు. 2014 జూన్‌లో మామూలు వైద్య పరీక్షల్లో పిత్తనాళంలో కణితి బయటపడింది. ఆపరేషన్ అయ్యాక మళ్లీ పనిలోకి వచ్చారు. 2015 జులై 11న కన్నుమూశారు. వయసు 55.

ఆయన తర్వాత

2016 జులైలో వచ్చిన పోకెమాన్ గో ప్రపంచాన్ని వీధుల్లోకి నడిపించింది. దాని తొలి ఆలోచనల్లో ఇవాటా పాలుపంచుకున్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో సూపర్ మారియో రన్ ఫోన్‌లోకి వచ్చింది. అప్పట్లో మొదటి కొన్ని మెట్లు ఉచితం, తర్వాత ఒక్కసారి 1,200 యెన్‌లు కడితే మొత్తం ఆట మనదయ్యేది. మళ్లీ అడిగేది కాదు. ఇది ఇవాటా కోరుకున్న పద్ధతికి దగ్గరగా ఉంది. కానీ కంపెనీ ఆశించినంత లాభం రాలేదు. 2017లో వచ్చిన ఫైర్ ఎంబ్లమ్ హీరోస్ మాత్రం చీటీ పద్ధతిలోనే నడిచి, మారియో కంటే చాలా ఎక్కువ సంపాదించింది.

ఈ సంగతి దాచి ఇవాటా గెలిచారని రాస్తే కథ అందంగా ముగుస్తుంది. కానీ అది అబద్ధం అవుతుంది. గీత గీసిన మనిషి వెళ్లిపోయాక ఆయన కంపెనీ కూడా దాన్ని దాటింది. అంటే ఆ గీత కంపెనీలు గీస్తాయని మనం కూర్చోలేం. ఇంట్లో మనమే గీయాలి.

ఆ వేదికమీద చెప్పిన కొత్త కన్సోల్ స్విచ్ పేరుతో 2017 మార్చిలో వచ్చింది, 15 కోట్లకు పైగా అమ్ముడైంది. కొన్ని నెలల తర్వాత అందులో దాచిన ఒక ఆటను అభిమానులు కనిపెట్టారు. ఏడాదికి ఒక్కరోజే, జులై 11న, వీడియోల్లో ఇవాటా రెండు చేతులూ ముందుకు చాచే తీరులో రిమోట్లను కదిపితే అది తెరుచుకునేది. అది ఆయన కుర్రతనంలో రాసిన గోల్ఫ్ ఆట. కంపెనీ ఎక్కడా ప్రకటించలేదు. తర్వాత వచ్చిన ఒక అప్‌డేట్‌తో తీసేశారు.

మన ఇంట్లో

ఇవాటా కథ చదివాక నాకు తట్టిన మాట ఇది. పిల్లలను మనం ఎప్పుడూ ఎంతసేపు ఆడావు అనే అడుగుతాం. ఈ ఆటకు డబ్బు ఎక్కడినుంచి వస్తుంది అని అడగం. ఒక్కసారి కొనే ఆటా, మళ్లీ మళ్లీ అడిగే ఆటా? డబ్బు కడితే ఏం వస్తుందో ముందే తెలుస్తుందా, చీటీయా? ఈ రెండు ప్రశ్నలు గేమ్ ఇన్‌స్టాల్ చేసేముందు అడిగితే చాలు. ఫోన్‌లో కొనుగోళ్లకు పాస్‌వర్డ్ పెట్టడం ఎలాగూ తప్పదు.

ఏడో తరగతి బాబును నేను అవే రెండు ప్రశ్నలు అడిగాను. తిడతానేమోనని ముందు తలదించుకున్నాడు. తర్వాత నోట్‌బుక్ చివరి పేజీ తీసి, వంద వజ్రాలకు ఎంత, ఒక పెట్టె తెరవడానికి ఎన్ని వజ్రాలు, తనకు కావలసిన డ్రెస్ ఎన్ని పెట్టెల్లో వచ్చింది అని తనే లెక్క వేశాడు. మొత్తం వచ్చాక కాసేపు ఆ అంకె వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ పేజీ వాళ్ల అమ్మానాన్నలకు చూపించమన్నాను. చూపించాడట.

మీ,
ఇంగ్లిష్ టీచర్