పేపర్ తిరిగొచ్చింది.. జెన్నర్ ఆగలేదు!

మీ నానమ్మ చేతి మీద గుండ్రటి మశూచి టీకా మచ్చ ఎప్పుడైనా చూశారా? ఆ టీకా మీకు వేయలేదు. వేయాల్సిన అవసరమే లేకపోయింది. ఒంటినిండా పొక్కులతో పసిపిల్లల్ని పొట్టన పెట్టుకున్న జబ్బది. అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టడం తప్ప ఇంట్లోవాళ్లు చేయగలిగింది పెద్దగా ఉండేది కాదు. సోకిన ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురు చనిపోయేవారు. వైరస్‌తో వచ్చే ఆ అంటువ్యాధి ఇప్పుడు భూమ్మీదే లేదు. దానికి దారి వేసినవాడు ఎడ్వర్డ్ జెన్నర్. మాదాపూర్ హాస్టల్లో కూర్చుని రిజెక్షన్ మెయిల్స్ లెక్కపెట్టుకుంటున్నారా? అయితే ఆయన కథ మీరు చదవాల్సిందే.

ఎనిమిదేళ్లకే అనుభవం

1749లో ఇంగ్లండ్‌లోని బర్క్‌లీలో పుట్టాడు. ఐదేళ్లకే తల్లిదండ్రులు పోయారు. ఎనిమిదేళ్లప్పుడు మశూచి రాకుండా ఆనాటి పద్ధతిలో అసలు మశూచి రసినే కొద్దిగా ఎక్కించారు. అంతకుముందు పస్తులుంచి, రక్తం తీశారు. తర్వాత మిగతా పిల్లలతో కలిపి కొట్టంలో ఉంచారు. ఆ పద్ధతిలో కొందరికి ప్రాణాలే పోయేవి. పదమూడు, పద్నాలుగేళ్లకే ఓ సర్జన్ దగ్గర పనికి చేరాడు. 21 ఏళ్లకు లండన్ వెళ్లి జాన్ హంటర్ శిష్యుడయ్యాడు. చదువయ్యాక మహానగరంలో ఉండిపోకుండా సొంతూరికి తిరిగొచ్చి వైద్యం మొదలుపెట్టాడు.

ఊరి మాటకు పరీక్ష

ఆవుల పొదుగు నుంచి గోమశూచి అంటుకున్నవాళ్లకు మశూచి రాదని ఆ పల్లెల్లో అందరూ చెప్పుకొనేవారు. 1774లోనే బెంజమిన్ జెస్టీ అనే రైతు తన భార్యకు, ఇద్దరు కొడుకులకు గోమశూచి ఎక్కించాడు కూడా. అయితే దాన్ని పరీక్షించి, రాసి లోకం ముందు పెట్టలేదు. జెన్నర్ ఆ పని చేశాడు. 1796 మే 14న సారా నెల్మ్స్ అనే పాలమ్మాయి చేతి పొక్కులోని రసిని ఎనిమిదేళ్ల జేమ్స్ ఫిప్స్‌కు ఎక్కించాడు. జులైలో అదే పిల్లాడికి అసలు మశూచి రసి ఎక్కించి చూశాడు. జబ్బు రాలేదు. పిల్లాడి ప్రాణంతో అలాంటి ప్రయోగానికి నేడు ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. ఈ సంగతి మరచిపోకుండానే ఆయన్ని చదవాలి.

ఒక్క కేసు చాలలేదు

రాసిన పేపర్‌ను రాయల్ సొసైటీ ప్రచురించలేదు. అప్పటికే ఆయన ఆ సొసైటీలో సభ్యుడు. అయినా ఆధారాలు చాలవన్నారు. ఇంకా చేద్దామంటే చుట్టుపక్కల ఆవుల్లో గోమశూచే కనపడలేదు. 1798 దాకా ఎదురుచూశాడు. అది మళ్లీ రాగానే మరికొందరు పిల్లలకు ఎక్కించి, మొత్తం 23 కేసులతో సొంత ఖర్చుతో పుస్తకం వేశాడు. టీకా వేసుకుంటే ఒంట్లోంచి ఆవులు పుట్టుకొస్తాయన్నట్టు కార్టూన్లు గీశారు. అయినా 1802 జూన్‌లో బొంబాయిలో మూడేళ్ల పాపకు టీకా పడింది. జెన్నర్ దానిపై పేటెంట్ తీసుకోలేదు. తన తోటలోని పాకలో పేదలకు ఉచితంగా వేశాడు. 1823 జనవరి 26న కన్నుమూశాడు. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి అంతమైందని ప్రకటించింది. పిల్లల్ని తట్టు, రుబెల్లా నుంచి కాపాడుతున్న నేటి టీకాలూ ఆ దారిలో వచ్చినవే.

మీకేంటి?

కేసులు నమోదు చేయడం, ఫలితాలు గమనించడం, దుష్ప్రభావాలు పట్టుకోవడం.. జెన్నర్ నోటుపుస్తకంలో చేసిన పనులే నేడు క్లినికల్ డేటా మేనేజ్‌మెంట్, ఫార్మకోవిజిలెన్స్ పేరుతో ఉద్యోగాలయ్యాయి. ఐటీ కారిడార్‌లో కోడింగ్ ఒక్కటే లేదు. గచ్చిబౌలిలోనే టీకాలు తయారుచేసే ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ ఉంది. ఫార్మసీ, లైఫ్ సైన్సెస్, స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు ఇటువైపూ చూడండి.

ఈసారి రిజెక్షన్ వస్తే అదే రెజ్యూమెను మరో వందమందికి పంపకండి. దాంట్లో ఏ ఆధారం తక్కువైందో చూసుకోండి. ఓ ప్రాజెక్టా? ఇంటర్న్‌షిప్పా? అది జోడించాకే మళ్లీ తలుపు తట్టండి. జెన్నర్‌కు అందుకు దాదాపు రెండేళ్లు పట్టింది.