అమృతాంజనం డబ్బా వెనక మనిషి: కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు

మన ఇళ్లలో అమృతాంజనం తెలియని వాళ్లుండరు. తలనొప్పి వచ్చినా, రొంప పట్టినా, నాట్లు వేసొచ్చి నడుం పట్టేసినా ముందు ఆ పసుపు రంగు మందు కోసమే వెతుక్కుంటాం. కానీ దాన్ని తయారుచేసి దేశమంతా అమ్మింది ఒక తెలుగాయనే అని మనలో చాలామందికి తెలీదు. ఈ ఏడాది నివేదికలో మన లెక్కల పక్కన ఆయన జీవితం కూడా చెప్పుకుందాం. ఎందుకు ఆయన్నే ఎంచుకున్నామో చదివితే మీకే తెలుస్తుంది.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1867 మే 1న కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామంలో పుట్టారు. తల్లి శ్యామలాంబ, తండ్రి బుచ్చయ్య. కొంత చదువు బందరులో, పై చదువు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో సాగింది. ఆ రోజుల్లో ఇంగ్లీషు చదువు చదివితే సర్కారు కొలువే గొప్ప. పంతులు గారి మనసు మాత్రం వ్యాపారం మీదకు పోయింది. అలాగని అప్పు తెచ్చి వెంటనే కొట్టు తెరిచెయ్యలేదు. కలకత్తా వెళ్లి మందుల వ్యాపారంలో పనికి కుదిరారు. అక్కణ్ణుంచి బొంబాయి వెళ్లి అక్కడా ఒక కంపెనీలో పనిచేశారు. మందు ఎలా తయారవుతుంది, ఎలా అమ్ముడుపోతుంది అన్నది ఒకరి దగ్గర జీతం తీసుకుంటూ నేర్చుకున్నారు. పని వచ్చాకే పెట్టుబడి పెట్టారు.

1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. అప్పట్లో దాని ధర 10 అణాలు. కొత్త సరుకును ఎవరు నమ్ముతారు? అందుకని సంగీత కచేరీలు జరిగే చోట జనానికి ఊరికే పంచిపెట్టారు. రాసుకున్నవాళ్లకు గుణం కనిపించింది. తర్వాత వాళ్లే డబ్బులిచ్చి కొనుక్కున్నారు. మన పచ్చళ్ల యూనిట్ అక్కలు మేళాలో ముందు రుచి చూపించి ఆ తర్వాత సీసా అమ్ముతారు కదా, అచ్చం అదే పద్ధతి.

ఇక్కడ ఒక సంగతి మనం గమనించాలి. అమృతాంజనం చిన్న వస్తువు. కొంచెం డబ్బుతో కొనుక్కోవచ్చు. అయిపోతే మళ్లీ కొనాల్సిందే. అలాంటి సరుకులో ఒక్కసారికి వచ్చే లాభం తక్కువే, కానీ కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ వస్తారు. ఆ రాకపోకలు తెగకుండా చూసుకుంటే అదే పెద్ద ఆస్తి.

పంతులు గారికి దేశం మీదా, తెలుగు భాష మీదా ప్రేమ ఎక్కువ. 1907లో సూరత్ కాంగ్రెసు సభలకు వెళ్లొచ్చాక, తెలుగువాళ్లకు సొంత పత్రిక ఉండాలని గట్టిగా అనుకున్నారు. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రిక పెట్టారు. 1914లో మద్రాసు వచ్చి దాన్ని దినపత్రిక చేశారు. 1924లో భారతి అనే సాహిత్య మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల మొదలుపెట్టారు. మంచి పుస్తకాలు తక్కువ ధరకు జనానికి అందాలని ఆయన కోరిక. గ్రంథాలయాలకు, బడులకు, అడిగిన వాళ్లకు ఇస్తూనే ఉన్నారు. జనం ఆయన్ని దేశోద్ధారక అనీ, విశ్వదాత అనీ పిలుచుకున్నారు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకు కూడా వెళ్లారు. మన విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1935లో ఆయనకు కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది.

ఇన్ని పనులు పెట్టుకున్నాయన ఒకే పని మీద నిలబడ్డాడని ఎలా అంటారు అని మీరు అడగొచ్చు. మేమూ అదే అనుకున్నాం. ఏళ్లు వరసగా పెట్టి చూస్తే విషయం అర్థమైంది. అమృతాంజనం మొదలైన 15 ఏళ్లకు గానీ వారపత్రిక రాలేదు. దినపత్రిక వచ్చేసరికి 21 ఏళ్లు. భారతికి 31 ఏళ్లు. పుస్తకాలకు 33 ఏళ్లు. ముందు పాలిచ్చే ఆవును నిలబెట్టుకున్నారు, ఆ తర్వాతే పదిమందికీ పాలు పోశారు. పత్రికకు డబ్బు కావాలంటే అమృతాంజనం ఆదాయం ఇచ్చింది. దానధర్మాలకూ అదే ఇచ్చింది. పత్రిక మోజులో పడి మందు వ్యాపారాన్ని మూత పెట్టలేదు. 1936లో అమృతాంజనం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది. అంటే తన తర్వాత కూడా నడిచే ఏర్పాటు జరిగింది.

1938 ఏప్రిల్ 11న పంతులు గారు కన్నుమూశారు. ఆయన అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు అటు పత్రికనూ ఇటు కంపెనీనీ నడిపించారు. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. భారతి కూడా ఇప్పుడు లేదు. తెలుగు జాతికి అవి చేసిన మేలు చిన్నది కాదు. కానీ ఇవాళ్టికీ మన కొత్తవలస కిరాణా కొట్లో దొరుకుతున్నది ఆ పసుపు మందే. మొదలు పెట్టిన 130 ఏళ్ల తర్వాత కూడా తల్లి వ్యాపారం బతికే ఉంది.

ఇక మన సంగతి. బ్యాంకు లింకేజీ అప్పు వచ్చిన నెలలో మన ఇళ్లలో ఏం జరుగుతుందో మనకు తెలుసు. రెండు గేదెల మీద ఇల్లు నడుపుకుంటున్న అక్క మూడో గేదె కోసమని అప్పు రాయించుకుంటుంది. డబ్బు చేతికొచ్చాక ఎవరో చీటీలో వెయ్యమంటారు. ఇంకెవరో రోడ్డు పక్కన స్థలం వాటా అంటారు. పక్కింటావిడ చీరల వ్యాపారం బాగుందంటుంది. డబ్బు మూడు ముక్కలవుతుంది. గేదెకు దాణా తగ్గుతుంది, పాలు తగ్గుతాయి. కిస్తీ మాత్రం తగ్గదు. ఆ కిస్తీ కట్టడానికి చివరికి ఉన్న గేదెను సంతకు తోలుతుంది. ఇలాంటప్పుడు తప్పు ఆ అక్కదొక్కదానిదే కాదు. మైక్రో క్రెడిట్ ప్లాన్‌లో ఏం రాశామో చూసి, డబ్బు ఎక్కడికి పోయిందో అడగని మనందరిదీ.

మన కొత్తవలస జంక్షన్‌లో కిరండూల్ వైపు ఒక లైను, మద్రాసు నుంచి హౌరా వైపు ఒక లైను చీలతాయి. చీలడం తప్పు కాదు, కానీ ఒక్క బండి రెండు లైన్ల మీద పోలేదు. రెండో పని పెట్టుకోవద్దని మేము చెప్పడం లేదు. మొదటి పని తన కాళ్ల మీద తాను నిలబడ్డాక, దాని లాభంలోంచి పెట్టుకుందాం. దాని పెట్టుబడిలోంచి తియ్యొద్దు.

అందుకని వచ్చే ఏడాది ప్రతి సంఘం సమావేశంలో అప్పు తీర్మానం రాసే ముందు మూడు ప్రశ్నలు అడుగుదాం. నీ ఇంటికి ఇప్పుడు అన్నం పెడుతున్న పని ఏది? ఈ అప్పు ఆ పనికేనా? కొత్త పని అయితే అది నీకు చేతనవునా, ఎక్కడైనా నేర్చుకున్నావా? జవాబులు పుస్తకంలో రాద్దాం. మూడు నెలలకొకసారి మళ్లీ తీసి చూద్దాం. ఈసారి తలనొప్పికి ఆ పసుపు డబ్బా మూత తీసినప్పుడు పంతులు గారినీ, ఈ మూడు ప్రశ్నలనీ ఒకసారి గుర్తు చేసుకుందాం.